మా ఆయనకు తెలియని బుధవారాలు

మా ఆయన పళ్ళ డాక్టరు. నోరు తెరుచుకుని కూర్చున్న మనిషి ఎదురు మాట్లాడలేడు కాబట్టి, ముప్ఫై ఏళ్ళుగా ఆ క్లినిక్కులో ఆయన చెప్పిందే చెల్లుతోంది. ఆ కుర్చీలో వెనక్కి వాలిన వాళ్ళెవరూ మా కారు కథ వినకుండా లేచి వెళ్ళిన దాఖలా లేదు.

“పద్దెనిమిదేళ్ళండీ! ఇంతవరకు ఒక్క స్క్రూ తిప్పించలేదు. అసలు ఇంజనే లేని బండికి జబ్బెక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి? ఆఁ, చెప్పకండి, నోరు ఇంకొంచెం పెద్దగా తెరవండి.”

పక్క గదిలో చెవి మిషన్లు బాగుచేసుకుంటూ ఇదంతా నేను రోజూ వినేదాన్ని. ఊళ్ళో వాళ్ళ పళ్ళు ఆయన వంతు, చెవులు నా వంతు. భూతద్దం కింద వెంట్రుకంత సన్నటి తీగలు అతికించడం నా పని. ‘ఒక్క స్క్రూ’ అన్న మాట గోడ దాటి వచ్చినప్పుడల్లా నా చేతిలో సోల్డరింగ్ కడ్డీ వణికేది. భయంతో కాదు, నవ్వు ఆపుకోలేక.

కరెంటు కార్లు ఇప్పుడు వీధికి నాలుగు కనిపిస్తాయి. ఆయన కొన్నప్పుడు మాత్రం కరెంటుతో నడిచే స్పోర్ట్స్ కారంటే జనం ఆగి మరీ చూసేవారు. చూసి నవ్వేవారు కూడా. ఎర్ర రంగు, ఇద్దరికే చోటు. తయారుచేసిన కంపెనీ కొన్ని వందల బండ్లు మాత్రం చేసి, ఆ తర్వాత తలుపులు మూసేసింది. అది ఎంత పొట్టిదంటే, అందులో కూర్చుంటే నేల మీద పీట వేసుకుని కూర్చున్నట్టే ఉంటుంది. దిగాలంటే ముందు ఒక కాలు బయటపెట్టి, తలుపు పట్టుకుని, దేవుణ్ణి తలుచుకుని లేవాలి. అది ఇంటికొచ్చిన రోజే మా ఆడపడుచు దానికి ‘పీట’ అని పేరు పెట్టేసింది.

“ఆటబొమ్మ కొనుక్కున్నావా అన్నయ్యా? రెండేళ్ళు నడిస్తే నేను చెవి కోయించుకుంటా,” అంది.

మా ఆడపడుచు లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో సగం మేడలకు ఆవిడే దిక్కు. నూనె మరకల నీలం చొక్కా, జేబులో టెస్టరు, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఎదురుపడితే మాటకు మాట విసురుకోవడమే. ఆ ‘రెండేళ్ళు’ అన్న మాటను ఆయన మనసులో మేకులా దిగ్గొట్టుకున్నారు. అప్పటినుంచి వారానికి రెండుసార్లు ఎర్రటి మెత్తని గుడ్డతో బండిని తుడిచేవారు. ఎవరినీ తాకనిచ్చేవారు కాదు. ఒక తాళం ఆయన జేబులో, రెండోది బీరువాలో. అయితే బీరువా తాళం నా దగ్గర. ఆ సంగతి ఆయనకు తట్టలేదు.

ఏడేళ్ళ కిందట ఒక బుధవారం. బుధవారాల్లో ఆయన పొద్దున్నే రైలెక్కి పక్క ఊరి క్లినిక్కుకు వెళ్ళి సాయంత్రానికి వస్తారు. ఆ రోజు నాకు ఒక పెద్దావిడ మిషను అందించాలి. ఆవిడ పదకొండింటికి కోర్టులో సాక్ష్యం చెప్పాలి. మిషను లేకుండా వెళితే లాయరు ఒకటడిగితే ఆవిడ ఇంకొకటి చెప్పే ప్రమాదం ఉంది. సరిగ్గా అప్పుడే నా స్కూటరు టైరు గాలి పోయి ఉంది. నేను బీరువా తెరిచాను.

మిషను అందించాను. అంతవరకు ధర్మమే. తిరిగొచ్చేటప్పుడు మాత్రం తిన్నగా రాలేదని ఒప్పుకోవాలి. ఊరి బయట ఖాళీ రోడ్డు కనిపించింది. కాలు కొంచెం నొక్కాను. అది శబ్దమైనా చెయ్యకుండా నా వీపును సీటుకు అతికించేసింది. ఇంకొంచెం నొక్కాను. నాలుగు మైళ్ళు పోయాక తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి, బండి బలం తగ్గింది, చెట్టు పక్కన ఆగిపోయింది. ఫోను తీసి మా ఆడపడుచుకు చేశాను.

“ఎక్కడున్నావు వదినా?”

“ఎక్కడ ఉండకూడదో అక్కడ.”

“దేంట్లో?”

“దేంట్లో ఉండకూడదో దాంట్లో.”

అటువైపు కాసేపు నవ్వు తప్ప ఏమీ వినిపించలేదు. తర్వాత లిఫ్టు కంపెనీ లారీ వచ్చింది. పీటను దాని మీద ఎక్కించి, గోనెపట్టా కప్పి, మా షెడ్డుకు చేర్చాం.

నేను కంగారుగా పెట్టెలు తెరవబోతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. “ఆగు. ఇది చెవి మిషను కాదు. ముట్టుకుంటే మనిషి మిగలదు.” సీట్ల వెనకున్న పెద్ద బ్యాటరీని మిగతా బండితో కలిపే ప్లగ్గును ముందు పీకేసి, తన జేబులో వేసుకుంది. “ఇంక పది నిమిషాలు ఏదీ ముట్టుకోకు. లోపల దాక్కున్న కరెంటు దిగిపోవాలి. ఆ తర్వాత కూడా రబ్బరు గ్లౌజులు, ఒక చెయ్యి జేబులో. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండెలోంచి పోతుంది.”

ఆ పది నిమిషాలు మేమిద్దరం తిరగేసిన బకెట్ల మీద కూర్చుని ఆయన గురించి చాడీలు చెప్పుకున్నాం. తర్వాత ఏడేళ్ళపాటు ప్రతిసారీ ఆ పది నిమిషాలూ అదే పని.

వెనక డిక్కీ కింద ఒక పెట్టె ఉంది. బ్యాటరీ కరెంటును మోటారుకు తగినట్టు మార్చేది అదే. అది వేడెక్కకుండా మూడు ఫ్యాన్లు. పెట్టె తెరవగానే మా ఆడపడుచు ఈల వేసింది. మూడు ఫ్యాన్ల నిండా ఎర్రటి పీచు, దూదిపరుపు చింపినట్టు. ఒక ఫ్యాను కాలిపోయింది, రెండోది కొన ఊపిరితో ఉంది.

“చూశావా వదినా, మా అన్నయ్య సేవ! తుడిచీ తుడిచీ గుడ్డ పీచంతా దీనికి తినిపించాడు.”

“ఆయనకు చెప్పేద్దామా?”

“ఏమని? ‘నీ గుడ్డే నీ బండిని చంపింది’ అనా? ‘నీ పెళ్ళాం దాన్ని తోలుకెళ్ళింది’ అనా? ఏది ముందు చెబుదాం?”

రెండూ చెప్పలేదు. లిఫ్టు కంట్రోలు పెట్టెల్లో ఉండే చిన్న ఫ్యాన్లు మూడు తెచ్చి బిగించింది. అవి ఆ స్థానంలో సరిగ్గా కూర్చోలేదు. నేను మా క్లినిక్కు నుంచి కట్టుడు పళ్ళ చిగుళ్ళకు వాడే గులాబీ రంగు పొడి కాస్త పట్టుకొచ్చి, దాని ద్రవంలో కలిపి, ఫ్యాన్లకు చక్కని చట్రాలు పోతపోశాను. స్టాకు తగ్గిందని ఆయన కట్టుడు పళ్ళు చేసే ఆవిడ మీద విసుక్కున్నారు. నేను ఆవిడ దగ్గరకు వెళ్ళి నిజం చెప్పి క్షమాపణ అడిగాను. ఆవిడ కోపగించుకోలేదు సరికదా, అంచులు నున్నగా ఎలా సానబెట్టాలో నేర్పించింది.

అలా మొదలైంది. ఆ తర్వాత ఆయన రైలెక్కిన బుధవారమల్లా పీటకు మా వైద్యం. గాలిని మళ్ళించే రేకు విరిగితే పాత లిఫ్టు డబ్బా గోడలోంచి ముక్క కోసి పెట్టింది మా ఆడపడుచు. చల్లని నీళ్ళు తిప్పే పంపు మూలుగుతుంటే నేను చెవి పెట్టి విని, బేరింగు అరిగిందని చెప్పాను. విప్పి చూస్తే నిజమే. “డాక్టరువి నువ్వే వదినా, అన్నయ్యది ఉత్త బోర్డు,” అంది.

తలుపు వేస్తే కుయ్యిమనే బజరు ఒకటి ఉండేది. అది మూగబోయింది. అలాంటిది ఎక్కడా దొరకలేదు. మా ఆడపడుచు మూడు రోజులు ఆలోచించి ఒక లిఫ్టు గంట తెచ్చి పెట్టింది. తలుపు వేయగానే ‘టింగ్’. గురువారం పొద్దున్న ఆయన బండెక్కారు. టింగ్. దిగారు. మళ్ళీ ఎక్కారు. టింగ్. పరుగున వంటింట్లోకి వచ్చారు.

“ఏమోయ్, విన్నావా? కొత్త అప్‌డేట్ వచ్చింది! గాల్లోంచి పంపిస్తారు. మనం ఏమీ చెయ్యక్కర్లేదు.”

“కంపెనీ మూసేశారుగా?”

“మంచి కంపెనీ అంటే అలా ఉంటుంది మరి,” అన్నారు.

ఆ రోజునుంచి మేమేం చేసినా అది అప్‌డేటే. పంపు మూలుగు ఆగిపోవడం అప్‌డేట్. గట్టిగా పట్టేసే తలుపు మెత్తబడటం అప్‌డేట్. ఈ సంగతులన్నీ కుర్చీలో వాలిన వాళ్ళకు ఏకరువు పెట్టేవారు.

ఒక బుధవారం ఆయన కళ్ళద్దాలు మరిచిపోయి మధ్యలోనే తిరిగొచ్చారు. గేటు చప్పుడు వినేసరికి పీట వెనక భాగమంతా విప్పి ఉంది. మా ఆడపడుచు కింద దూరి పడుకుని ఉంది. నేను దుప్పటి లాగి బండి మీద కప్పేసి, దాని ముందు నిలబడ్డాను.

“ఎందుకు కప్పావు?” అన్నారు.

“దుమ్ము పడుతుందని.”

ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. “నీకూ దీని మీద ప్రేమ పుట్టింది కదూ?” అన్నారు. తర్వాత ఆయన చూపు కిందకి జారింది. దుప్పటి అంచు కింద రెండు బూట్లు, మొనలు పైకి లేచి ఉన్నాయి. “అవెవరివి?”

“పాతవి. పారేద్దామని పెట్టాను.”

“బాగానే ఉన్నాయే,” అని వంగబోయారు.

“రైలు!” అని అరిచాను. ఆయన పరుగెత్తారు. దుప్పటి కిందనుంచి దగ్గూ నవ్వూ కలిసిన ఒక వింత శబ్దం చాలాసేపు వచ్చింది.

అన్నిటికన్నా పెద్ద పని బ్యాటరీది. బ్యాటరీ అంటే ఒకటి కాదు, టార్చిలో వేసే సెల్లులాంటివి కొన్ని వేలు, పలకలు పలకలుగా పేర్చి ఉంటాయి. అందులో ఒక పలక సంగతి తెలిపే తీగ తెగింది. దాంతో ఆ పలక చచ్చిందో బతికిందో తెలియక, మేం కాస్త వేగం పెంచినప్పుడల్లా బండి బెదిరిపోయి ఆగిపోయేది. పళ్ళ డాక్టర్ల సభ అని ఆయన వారం రోజులు ఊరు వెళ్ళినప్పుడు, మా ఆడపడుచు లిఫ్టులు ఎత్తే గొలుసు పుల్లీ తెచ్చి షెడ్డు దూలానికి వేలాడదీసింది. ఏనుగు పిల్లంత బరువున్న ఆ బ్యాటరీని అంగుళం అంగుళం పైకి లాగాం. తెగిన తీగను భూతద్దం పెట్టుకుని నేను అతికించాను. నా జీవితంలో అంత జాగ్రత్తగా చేసిన పని ఇంకోటి లేదు.

బాగుచేశాక నడిపి చూడాలి కదా. అది కూడా పనిలో భాగమే. మొదట నేను తోలేదాన్ని, తర్వాత తను. మొదటిసారి ఊరి బయట రోడ్డు మీద కాలు నొక్కినప్పుడు మా ఆడపడుచు చిన్నపిల్లలా కేక పెట్టింది.

“ముప్ఫై ఏళ్ళుగా పైకీ కిందకీ తిరుగుతున్నాను వదినా. ముందుకి పోవడం ఇప్పుడే!”

“మరి చెవి ఎప్పుడు కోయిస్తావు? రెండేళ్ళు ఎప్పుడో దాటాయి.”

“ఆగిపోయిన మిషను కనిపిస్తే నాకు నిద్ర పట్టదు. చెవి పోతే పోనీ, నువ్వున్నావుగా అతికించడానికి.”

ఇలా సాగుతుండగా మొన్న చలికాలం చివర ఒక ఉత్తరం వచ్చింది. పాత వాహనాల సంఘం వాళ్ళు ఆదివారం మైదానంలో ప్రదర్శన పెడుతున్నారు. ‘చెయ్యి పడని బండి’ అని ఒక బహుమతి ఉంది. తయారైన రోజునుంచి ఏ భాగమూ మార్చని పాత బండికి ఇస్తారు. మా ఆయన పేరు ఆయనే పంపుకున్నారు. పైగా అందరి ముందూ మాట్లాడమని పిలిచారు కూడా. సంఘం పరీక్షకుడు అక్కడే బండి తెరిచి చూస్తాడట.

ఆ కాగితం చదివి మా ఆడపడుచు బకెట్ మీద కూలబడింది. “చెయ్యి పడని బండా! దీని మీద మన చేతులు పడని చోటు చూపించు.”

పాత ఫ్యాన్లు, పాత బజరు అన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో దాచి ఉన్నాయి. అవన్నీ తిరిగి బిగిద్దామా అని ఒక గంట వాదించుకున్నాం. బిగిస్తే బండి చెయ్యి పడనట్టే కనిపిస్తుంది, కానీ మైదానం దాకా రాదు. బిగించకపోతే మైదానానికి వస్తుంది, కానీ మా ఆయన పరువు అక్కడే పోతుంది.

“చెప్పెయ్యడమే మంచిది,” అన్నాను.

“నువ్వే చెప్పు. నీ మొగుడు.”

“నీ అన్నయ్య.”

“నాకు ముందు అన్నయ్య. ఆ తర్వాతే నీకు మొగుడు. కొత్తగా వచ్చినవాళ్ళే చెప్పాలి,” అంది. ఇదెక్కడి న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

శుక్రవారం సాయంత్రం చెబుదామని గదిలోకి వెళ్ళాను. ఆయన అద్దం ముందు నిలబడి ఉపన్యాసం సాధన చేస్తున్నారు.

“ఏమండీ, బండి గురించి ఒక మాట...”

“విను, ఈ ముక్క ఎలా ఉందో చెప్పు,” అని కాగితం ఎత్తారు. “‘ఇది కొన్న రోజు అందరూ నవ్వారు. మా నాన్న నవ్వాడు. నా చెల్లెలు నవ్వింది. నా జీవితంలో నేను సొంతంగా ఎంచుకున్నది ఇదొక్కటే. ఇది నన్ను ఒక్క రోజు కూడా తలదించుకోనివ్వలేదు.’” ఆగి నా వైపు తిరిగారు. “నిన్ను కూడా ఇంట్లో వాళ్ళే చూశారు కదా, అందుకని అలా రాశాను. ఏమీ అనుకోకు. ఇంతకీ ఏమిటా మాట?”

“టైర్లలో గాలి చూసుకోండి,” అని బయటికొచ్చేశాను.

ఆదివారం ఎండ బాగా కాసింది. మైదానంలో నలభై దాకా పాత బండ్లు, మూడు నాలుగు వందల మంది జనం. పరీక్షకుడు రైల్వే సిగ్నళ్ళ ఇంజనీరుగా పనిచేసి రిటైరైన సన్నటి పెద్దమనిషి. పట్టపగలు కూడా చేతిలో టార్చి వదలరు. అందుకని సంఘంలో అందరూ ఆయన్ని ‘టార్చి మాస్టారు’ అంటారట. ఆయన పీట దగ్గరకు రాగానే సరిగ్గా మా ఆడపడుచులాగే ప్లగ్గు పీకి జేబులో వేసుకున్నారు. “పది నిమిషాలు ఆగాలి. ఈలోగా డాక్టరు గారు మాట్లాడతారు,” అన్నారు.

మా ఆయన మైకు పట్టుకున్నారు. పద్దెనిమిదేళ్ళు, ఒక్క స్క్రూ, గాల్లోంచి అప్‌డేట్లు, అన్నీ చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. రెండో వరసలో మా ఆడపడుచు నా మోచెయ్యి గిల్లుతూనే ఉంది.

పది నిమిషాలయ్యాయి. టార్చి మాస్టారు పెట్టె తెరిచి లోపలికి వెలుగు వేశారు. చాలాసేపు తల ఎత్తలేదు.

“డాక్టరు గారూ, ఒక్కసారి ఇలా వస్తారా?”

మా ఆయన వంగి చూశారు. ఎవరి నోట్లోనైనా వేరే డాక్టరు చేసిన పని కనిపించినప్పుడు ఆయన ముఖం ఎలా మారుతుందో నాకు బాగా తెలుసు. ఇప్పుడు అదే ముఖం. ఆ గులాబీ రంగును ముప్ఫై ఏళ్ళుగా రోజూ చూస్తున్న మనిషి. వేలితో అంచు తడిమారు. మెల్లగా తల ఎత్తి జనంలో నా కోసం వెతికారు. నేను ఆకాశంలో ఏదో ముఖ్యమైనది ఉన్నట్టు పైకి చూశాను.

“ఈ పని ఎవరు చేశారండీ?” అని మాస్టారు మైకులో అడిగారు. “చాలా బాగా చేశారు.”

మా ఆయన గొంతు సవరించుకున్నారు.

“నేనే,” అన్నారు.

మా ఆడపడుచు తాగుతున్న నీళ్ళు ముందు వరసాయన బట్టతల మీద పడ్డాయి. “నేనేనట! విన్నావా వదినా? నేనేనట!”

అప్పటిదాకా నాకు తప్పుచేశానన్న బాధ ఉండేది. ఆ ఒక్క మాటతో అది ఎగిరిపోయి, దాని స్థానంలో మంట పుట్టింది.

మాస్టారి కళ్ళు మెరిశాయి. ఆయనకు అప్పటికే విషయం సగం అర్థమైనట్టుంది. “భలే. అయితే ఈ రేకు కూడా మీరే పెట్టారన్నమాట. దీని లోపలివైపు ఏదో రాసుంది, చదువుతాను ఉండండి. ‘గరిష్ఠంగా ఎనిమిది మంది.’ ఇద్దరు పట్టే బండి కదండీ, మిగతా ఆరుగుర్నీ ఎక్కడ కూర్చోబెడతారు?”

మైదానం గొల్లుమంది. మాస్టారు ప్లగ్గు తిరిగి పెట్టి, తలుపు తెరిచి వేశారు. టింగ్.

“ఇదేమిటండీ?”

“అది... అప్‌డేట్,” అన్నారు మా ఆయన.

“ఏ అంతస్తుకి?”

ఇక జనం ఆగలేదు. నవ్వులు తగ్గడానికి చాలాసేపు పట్టింది. మా ఆయన తలదించుకుని నిలబడ్డారు. నాకు ఆ క్షణంలో మంట చల్లారి జాలి వేసింది. లేవబోయాను. అంతలో ఆయనే మైకు దగ్గరకు జరిగారు.

“ఆ రెండో వరసలో నీలం చొక్కా వేసుకుని, కడుపు పట్టుకుని నవ్వుతోందే, ఆవిడ నా చెల్లెలు. లిఫ్టు మెకానిక్కు. పక్కన ఆకాశం చూస్తున్నావిడ నా భార్య. నాకీ బండిని తుడవడం తప్ప ఏమీ తెలియదు. ఆ సంగతి నాకు కూడా ఇప్పుడే తెలిసింది. మిగతా ప్రశ్నలు వాళ్ళని అడగండి.”

మైకు బల్ల మీద పెట్టి, పీటలోకి ఎక్కి తలుపు వేసుకున్నారు. టింగ్. ఈసారి నవ్వుతో పాటు చప్పట్లు కూడా వినిపించాయి.

బహుమతి ఒక పాత మోపెడ్‌కు ఇచ్చారు. మా చుట్టూ మాత్రం జనం మూగారు. అందరూ వెళ్ళేదాకా ఆగి, టార్చి మాస్టారు మా దగ్గరకొచ్చారు. “అమ్మా, నా దగ్గరా ఇదే రకం బండి ఉంది. పచ్చది. నాలుగేళ్ళుగా కదలట్లేదు. అడగని చోటు లేదు. మీరొకసారి చూస్తారా? ఏ రోజు ఖాళీ?”

“బుధవారం,” అన్నాం ఇద్దరం ఒకేసారి.

తిరుగు దారిలో ఆయన తోలుతుంటే నేను పక్కన కూర్చున్నాను. రెండు వీధులు దాటాక ఆయన అడిగారు.

“ఎన్నాళ్ళుగా?”

“ఏడేళ్ళు.”

“తోలారా?”

“బాగుచేశాక చూసుకోవాలిగా.”

“ఎంత స్పీడు?”

చెప్పాను. బండి కొంచెం పక్కకు జరిగి మళ్ళీ దారిలో పడింది. “నేనెప్పుడూ అందులో సగం కూడా వెళ్ళలేదు,” అన్నారు చిన్నబోయి. “పాడైపోతుందేమోనని.”

ఆ తర్వాత రెండు రోజులు మూతి ముడుచుకునే ఉన్నారు. క్లినిక్కులో నిశ్శబ్దం. పళ్ళు పీకించుకోవడానికి వచ్చినవాళ్ళు, డాక్టరు గారికి ఒంట్లో బాగాలేదా అని నన్ను అడిగారు. మంగళవారం భోజనాల దగ్గర అసలు మాట బయటపెట్టారు.

“రిపేరు చేశారని కాదు నా బాధ. పద్దెనిమిదేళ్ళు నేను తుడుస్తూ కూర్చున్నాను. మీరిద్దరూ ఆడుకున్నారు. ఒక్కసారైనా పిలిచారా?”

ఆయన అంత నిజం చెబుతారని నేను అనుకోలేదు. “రేపు రండి,” అన్నాను. “బకెట్ ఇంకోటి ఉంది.”

బుధవారం ఆయన రైలెక్కలేదు. పక్క ఊరి వాళ్ళకు ఫోను చేసి, రానని చెప్పేశారు. పదింటికి మాస్టారి పచ్చ బండిని లారీ మీద తెచ్చారు. ప్లగ్గు పీకేశాం. నలుగురం బకెట్ల మీద కూర్చున్నాం. మా ఆయన బుద్ధిగా ఒక చెయ్యి జేబులో పెట్టుకుని అడిగారు:

“ఈ పది నిమిషాలూ మీరేం చేసేవారు?”

మేం ముఖముఖాలు చూసుకున్నాం. “ధ్యానం,” అంది మా ఆడపడుచు.

పచ్చ బండి జబ్బు మాకు ఓ పట్టాన అంతు చిక్కలేదు. ఫ్యాన్లు బాగున్నాయి, పంపు బాగుంది. అయినా ప్రాణం లేదు. రెండో బుధవారం కూడా అంతే. బ్యాటరీ లోపలి మూల వరుసలో ఏదో అతుకు ఊడి ఉండాలని నా అనుమానం. అక్కడికి కన్ను పోదు, టార్చి వెలుగు పోదు. మాస్టారు నిరాశపడి టార్చి ఆర్పేశారు.

మా ఆయన లేచి క్లినిక్కులోకి వెళ్ళారు. నోట్లోకి చూసే చిన్న అద్దం, దాని సన్నటి పిడి పట్టుకుని తిరిగొచ్చారు. పిడికి ఇన్సులేషన్ టేపు గట్టిగా చుట్టారు. గ్లౌజులు వేసుకుని, వంగి, అద్దం లోపలికి దించి, తల పక్కకు వాల్చి, ఎంతో నెమ్మదిగా తిప్పారు.

“పై వరస. ఎడమవైపు. వెనకనుంచి రెండోది,” అన్నారు. “చిగురు దగ్గర విరిగింది.”

మా ఆడపడుచు నోరు తెరిచింది, కానీ వేళాకోళం రాలేదు. “అన్నయ్యా!” అని మాత్రం అంది.

ఆయన అద్దం పట్టుకుంటే, ఆ అద్దంలో చూస్తూ నేను అతికించాను. అద్దంలో కుడి ఎడమ తారుమారవుతుంది. ఆయన “ఇటు, ఇటు, కొంచెం లోపలికి, ఆఁ అంతే” అంటూ దారి చూపించారు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా మేమిద్దరం కలిసి ఒక్క పని కూడా చెయ్యలేదని అప్పుడు తట్టింది.

ప్లగ్గు పెట్టాం. తెర వెలిగింది. మాస్టారు కళ్ళు తుడుచుకుని స్టీరింగు ముందు కూర్చున్నారు, మళ్ళీ వెంటనే దిగారు. “నాకు చేతులు వణుకుతున్నాయి. డాక్టరు గారూ, మీరే తోలండి.”

మా ఆయన నా వైపు చూశారు. నేను తలుపు తెరిచి పట్టుకున్నాను. ఆయన ఎక్కారు, పక్కన మాస్టారు ఎక్కారు. బండి గేటు దాటేదాకా ఎప్పటిలాగే తాబేలు నడక. మూల తిరిగాక ఏం జరిగిందో మాకు కనిపించలేదు కానీ వినిపించింది. మాస్టారి కేక ఒకటి. దాని వెనకే మా ఆయన కేక. అది భయంతో పెట్టిన కేక కాదు.

నలభై నిమిషాలకు తిరిగొచ్చారు. మాస్టారు ముందు దిగి, గోడకు ఆనుకుని నిలబడ్డారు. “ఈయనకి ఇంకెప్పుడూ తాళం ఇవ్వను,” అన్నారు. మా ఆయన జుట్టు నిట్టనిలువుగా లేచి ఉంది. దిగకుండా అలాగే కూర్చుని, నా కోసం చెయ్యి ఊపారు.

“ఏమోయ్, వెనక ఎడమ చక్రం దగ్గర టక్ టక్ అంటోంది. నీ చెవికి వినపడిందా?”

“గేటులోకి వస్తున్నప్పుడే వినపడింది.”

“ఇప్పుడే కదండీ బాగుచేశారు!” అని మాస్టారు లబలబలాడారు.

మా ఆడపడుచు అప్పటికే జాకీ తీస్తోంది. మా ఆయన తలుపు పట్టుకుని, ఒక కాలు బయటపెట్టి, కష్టపడి లేచి, ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచి, “నేను చూస్తాను, నేను చూస్తాను,” అంటూ నేల మీద పడుకున్నారు.